డబ్బు పెడితే గ్రీన్ కార్డ్: ఈబీ-5 వెనక 40 ఏళ్ళ కథ

 

పోయిన నెల ఒక ఆదివారం పొద్దున్నే నాకు డాలస్ నుంచి ఫోన్ వచ్చింది. మా అన్నయ్య. అంటే మా పెద్దమ్మ కొడుకు. "ఒరేయ్, నువ్వు హిస్టరీ వీడియోలు చేస్తావు కదా. ఈబీ-5 గురించి నీకేమైనా తెలుసా?" అన్నాడు. పేరు తెలుసు అన్నాను. "నాన్న శంకర్‌పల్లి వైపు పొలం అమ్మేస్తానంటున్నాడు రా" అన్నాడు. అంతే, నాకు నిద్ర మత్తు దిగిపోయింది.

విషయం ఏంటంటే, అన్నయ్య 2013లో హెచ్-1బి మీద వెళ్ళాడు. అప్పటికి పాపకి నాలుగేళ్ళు. పుట్టింది హైదరాబాద్‌లో. ఇప్పుడు దానికి 16 దాటింది. అన్నయ్య గ్రీన్ కార్డ్ లైన్‌లోనే ఉన్నాడు, ఆ లైన్ కదలట్లేదు. పాపకి 21 నిండేలోపు కార్డు రాకపోతే తండ్రి వీసా మీద ఆధారపడి ఉండే హక్కు పోతుంది. పెరిగిన ఊళ్ళోనే స్టూడెంట్ వీసా తీసుకుని, కొత్తగా వచ్చినమ్మాయిలా ఉండాలి. లేదా వెనక్కి రావాలి. అక్కడున్న మన తెలుగు ఇళ్ళల్లో ఇది మామూలు కథే. మీకూ ఒకరైనా తెలిసి ఉంటారు.

ఈలోపు హైదరాబాద్‌లో ఒక హోటల్‌లో సెమినార్ జరిగింది. పెద్దనాన్న వెళ్ళాడు. అక్కడ ఒక ఏజెంట్ చెప్పాడట: "8 లక్షల డాలర్లు పెట్టండి, కొడుకు ఫ్యామిలీ మొత్తానికి గ్రీన్ కార్డ్. ఐదేళ్ళలో మీ డబ్బు మీకు వెనక్కి. 100 శాతం గ్యారంటీ." ఆ "గ్యారంటీ" అనే మాట గుర్తుపెట్టుకోండి. దాని దగ్గరికి మళ్ళీ వస్తాను.

నేను లాయర్ని కాదు. బీటెక్ చదివి, కొన్నేళ్ళు కోడ్ రాసి, ఇటువైపు వచ్చినవాణ్ణి. కానీ ఆఫీస్‌లో నేర్చుకున్న అలవాటు ఒకటుంది. కొత్త సిస్టమ్ చేతికిస్తే, అది ఎంత బాగా పనిచేస్తుందో చెప్పే డాక్యుమెంట్ ముందు చదవను. అది ఎక్కడెక్కడ పాడైందో చెప్పే పాత బగ్ రిపోర్టులు చదువుతాను. ఈబీ-5 మీద కూడా అదే పని చేశాను. ఈరోజు ఎపిసోడ్ ఆ బగ్ రిపోర్టే.

కథ అమెరికాలో మొదలవ్వదు. హాంకాంగ్‌లో మొదలవుతుంది.

1984 డిసెంబర్‌లో బ్రిటన్, చైనా ఒక ఒప్పందం మీద సంతకం చేశాయి. 1997 జులై 1న హాంకాంగ్‌ని చైనాకి అప్పగించేస్తామని. హాంకాంగ్‌లో ఫ్యాక్టరీలు, బిల్డింగులు, షిప్పులు ఉన్న కుటుంబాలకి గుండెల్లో రాయి పడింది. వాళ్ళల్లో చాలామంది 1949లో కమ్యూనిస్టులు వచ్చినప్పుడు చైనా నుంచి పారిపోయి వచ్చినవాళ్ళు, లేదా వాళ్ళ పిల్లలు. మళ్ళీ అదే ప్రభుత్వం ఇంటి గుమ్మం దగ్గరికి వస్తోంది. చేతిలో డబ్బుంది, 13 ఏళ్ళ టైముంది. కావాల్సింది ఇంకో దేశంలో నిలబడటానికి ఒక కాగితం.

ఆ కాగితాన్ని ముందు చూపించిన పెద్ద దేశం కెనడా. 1986లో ఇమ్మిగ్రెంట్ ఇన్వెస్టర్ ప్రోగ్రామ్ మొదలుపెట్టింది. పెట్టుబడి పెట్టు, పర్మనెంట్ రెసిడెన్సీ తీసుకో. 1989 జూన్‌లో బీజింగ్ తియానన్మెన్ చౌక్‌లో సైన్యం కాల్పులు జరిపాక ఆ భయం రెండింతలైంది. వాంకూవర్ రూపమే మారిపోయింది. 1986లో అక్కడ జరిగిన ఎక్స్‌పో స్థలాన్ని 1988లో కొన్నది ఎవరో కాదు, హాంకాంగ్ కుబేరుడు లీ కా-షింగ్.

దాదాపు అదే టైములో కరీబియన్ సముద్రంలో ఇంకో చిన్న దేశం ఇంకో అడుగు ముందుకేసింది. సెయింట్ కిట్స్ అండ్ నెవిస్. 1983లో స్వాతంత్ర్యం వచ్చింది. ఆదాయం అంటే చెరకు తోటలే. 1984లో చేసుకున్న పౌరసత్వ చట్టంలోనే, గణనీయమైన పెట్టుబడి పెట్టినవాళ్ళకి పౌరసత్వం ఇవ్వొచ్చని రాసుకుంది. రెసిడెన్సీ కాదు, ఏకంగా పాస్‌పోర్ట్. తర్వాత 2005లో అక్కడ చక్కెర పరిశ్రమ మూతపడింది. ఆ మరుసటి ఏడాదే ఆ పాస్‌పోర్ట్ స్కీమ్‌ని చక్కెర పరిశ్రమ పేరుతో పెట్టిన ఫౌండేషన్‌కి విరాళాలిచ్చే మార్గంగా మార్చారు. అంటే చెరకు పోయిన చోట పాస్‌పోర్ట్ పంటైంది.

ఇక్కడ ఒక ప్యాటర్న్ చూడండి. కొనేవాడికి ఒక భయం ఉంది. అమ్మేవాడికి డబ్బు అవసరం ఉంది. ఈ రెండూ కలిసిన చోట మధ్యలో ఒక ఏజెంట్ కూర్చుంటాడు. ఇక్కణ్ణుంచి నేను చెప్పే ప్రతి ఘట్టంలోనూ ఈ ముగ్గురూ ఉంటారు.

సరే, ఇప్పుడు అమెరికాకి వద్దాం.

కెనడాకి అంత డబ్బు వెళ్తుంటే అమెరికా చూస్తూ కూర్చోలేదు. 1990 నవంబర్ 29న అధ్యక్షుడు జార్జ్ హెచ్. డబ్ల్యూ. బుష్ ఇమ్మిగ్రేషన్ చట్టం మీద సంతకం చేశాడు. మన హెచ్-1బి వీసా ఈ రూపంలో పుట్టింది కూడా ఆ చట్టంలోనే. ఉద్యోగాల ఆధారంగా ఇచ్చే గ్రీన్ కార్డుల్ని ఐదు మెట్లుగా పెట్టారు. ఐదో మెట్టు ఇన్వెస్టర్లది. అదే ఈబీ-5. మన వాళ్ళు నిలబడి ఉన్న ఈబీ-2, ఈబీ-3 లైన్లు, ఈ ఈబీ-5, అన్నీ ఒకే కడుపున పుట్టినవే.

రూల్ చూడటానికి సింపుల్. 10 లక్షల డాలర్లు పెట్టాలి. పల్లె ప్రాంతంలోనో, నిరుద్యోగం ఎక్కువున్న చోటో పెడితే 5 లక్షలు చాలు. ఆ డబ్బుతో 10 మందికి ఫుల్ టైమ్ ఉద్యోగాలు రావాలి. ముందు రెండేళ్ళకి షరతులతో కార్డు. ఉద్యోగాలు వచ్చాయని నిరూపిస్తే షరతులు తీసేస్తారు. ఏడాదికి దాదాపు 10,000 వీసాలు. ఇందులో భార్యాభర్తలు, పిల్లలు కూడా లెక్కే. నలుగురున్న కుటుంబం వస్తే నాలుగు వీసాలు ఖర్చు. కాబట్టి 10,000 అంటే 10,000 మంది ఇన్వెస్టర్లు కాదు, అందులో మూడో వంతు అనుకోండి.

అప్పట్లోనే కాంగ్రెస్‌లో గొడవైంది. దేశంలో ఉండే హక్కుని అంగట్లో పెడుతున్నాం అని కొందరు అన్నారు. ఉద్యోగాలు వస్తాయి కదా, తప్పేంటి అని ఇంకొందరు. ఉద్యోగాలే గెలిచాయి.

కానీ తమాషా ఏంటంటే, జనం రాలేదు. సొంతంగా వ్యాపారం పెట్టి, 10 మందిని జీతానికి పెట్టుకుని, తెలియని దేశంలో నడపడం డబ్బున్నవాడికి కూడా కష్టమే. 1992లో దీనికొక ప్యాచ్ వేశారు. దాని పేరు రీజినల్ సెంటర్. పది మంది, వంద మంది ఇన్వెస్టర్ల డబ్బు ఒక చోట చేర్చి ఒక పెద్ద ప్రాజెక్టులో పెట్టొచ్చు. ఇంకో వెసులుబాటు కూడా ఇచ్చారు. నేరుగా జీతమిచ్చే ఉద్యోగాలే కాదు, ఆ ప్రాజెక్టు వల్ల చుట్టుపక్కల పుట్టే ఉద్యోగాల్ని కూడా ఎకనామిస్టు లెక్కగట్టి చూపించొచ్చు. హోటల్ కడితే సిమెంట్ అమ్మినవాడి ఉద్యోగం కూడా లెక్కలోకొస్తుంది. ఇది ఐదేళ్ళ పైలట్‌గా మొదలైంది. పొడిగిస్తూ పొడిగిస్తూ దశాబ్దాలు లాగారు. మన దగ్గర తాత్కాలికం అని వేసిన రేకుల షెడ్డు ముప్పై ఏళ్ళుంటుంది చూడండి, అలా.

ఇప్పుడు మొదటి బగ్ రిపోర్ట్. 1998.

90ల మధ్యలో కొంతమంది ప్రమోటర్లు ఒక తెలివైన స్కీమ్ తెచ్చారు. 5 లక్షలు మొత్తం పెట్టక్కర్లేదు. కొంత నగదు ఇవ్వు, మిగతాది ప్రామిసరీ నోటు రాసివ్వు. షరతులు తీసేశాక నీ వాటాని మేమే ఫలానా రేటుకి తిరిగి కొంటాం అని ఒప్పందం. అంటే ఇన్వెస్టర్‌కి నష్టం వచ్చే దారే లేదు. గ్యారంటీ అన్నమాట! ఇమ్మిగ్రేషన్ శాఖ మొదట్లో ఇలాంటి ఫైళ్ళు ఆమోదించింది కూడా. ఆ తర్వాత 1998లో వరుసగా నాలుగు తీర్పుల్లాంటి నిర్ణయాలు ఇచ్చి తలుపు మూసేసింది. వాటిల్లో ఇజుమీ అనే కేసు బాగా ప్రసిద్ధం. దాని సారాంశం ఒక్కటే: డబ్బు నిజంగా రిస్క్‌లో ఉండాలి. తిరిగిస్తామని ముందే రాసిచ్చేస్తే అది పెట్టుబడి కాదు, అప్పు. అప్పుకి గ్రీన్ కార్డ్ లేదు.

ఇప్పుడు మా పెద్దనాన్న విన్న "100 శాతం గ్యారంటీ" గుర్తుచేసుకోండి. చట్టం ఏ మాట ఉంటే కార్డు ఇవ్వనంటోందో, ఏజెంట్ సరిగ్గా ఆ మాట చెప్పి అమ్ముతున్నాడు. ఆ గ్యారంటీ నిజంగా కాగితం మీద ఉంటే అప్లికేషన్ కొట్టేస్తారు. కాగితం మీద లేకపోతే అది గ్యారంటీ కాదు. ఎటు చూసినా చిక్కే.

అన్నిటికంటే దారుణం ఏంటంటే, కొత్త రూల్స్‌ని పాతవాళ్ళ మీద కూడా రుద్దారు. అప్పటికే ఆమోదం వచ్చి, ఇళ్ళు అమ్ముకుని, పిల్లల్ని స్కూళ్ళలో చేర్పించినవాళ్ళకి షరతులు తీయడానికి వెళ్తే, మీ పెట్టుబడి పెట్టుబడే కాదు అన్నారు. వందల కుటుంబాలు ఏళ్ళ తరబడి గాల్లో వేలాడాయి. కోర్టులకెక్కారు. 2002లో కాంగ్రెస్ వాళ్ళకోసం ప్రత్యేకంగా చట్టం చేయాల్సొచ్చింది. ఆ భయానికి తర్వాత కొన్నేళ్ళు ఈబీ-5 వైపు చూసినవాళ్ళే తక్కువ.

రెండో ఘట్టం. 2008.

సెప్టెంబర్ 15న లేమన్ బ్రదర్స్ కుప్పకూలింది. ఆ దెబ్బ హైదరాబాద్‌లో మన సీనియర్లకి కూడా తెలుసు, ఆఫర్ లెటర్ చేతిలో ఉండి జాయినింగ్ డేట్ రాని బ్యాచ్ అది. అమెరికాలో బ్యాంకులు అప్పులివ్వడం ఆపేశాయి. సగం కట్టిన బిల్డింగులు ఆగిపోయాయి. అప్పుడు బిల్డర్లకి ఈబీ-5 గుర్తొచ్చింది. ఎందుకంటే ఇది ప్రపంచంలోకెల్లా చవకైన డబ్బు. మామూలు ఇన్వెస్టర్ ఆ రిస్క్‌కి పది శాతం పైనే వడ్డీ అడుగుతాడు. ఈబీ-5 ఇన్వెస్టర్‌కి వడ్డీ అక్కర్లేదు, కార్డు కావాలి. ఏడాదికి అర శాతం, ఒక శాతం ఇచ్చినా సరే అంటాడు. మిగిలిన తేడా బిల్డర్‌కి, మధ్యవాళ్ళకి.

అటువైపు చైనాలో కొత్త సంపన్న వర్గం తయారై ఉంది. పిల్లల చదువు, గాలి కాలుష్యం, దాచుకున్న డబ్బు మీద బెంగ. 2014కి వచ్చేసరికి ఈబీ-5 వీసాల్లో 80 శాతం పైనే చైనావాళ్ళవి. ఆ ఏడాది ఆగస్టులో చైనాకి ఆ సంవత్సరం కోటా అయిపోయిందని ప్రకటించారు. ప్రోగ్రామ్ చరిత్రలో అది మొదటిసారి.

డబ్బు ఎక్కడికి పోయిందో చూస్తే ఇంకా విచిత్రం. 5 లక్షల తక్కువ రేటు పెట్టింది పల్లెల కోసం, నిరుద్యోగ ప్రాంతాల కోసం. న్యూయార్క్ మన్‌హటన్‌లో హడ్సన్ యార్డ్స్ అని ఒక మెరిసిపోయే ప్రాజెక్టుంది. 2019లో ఓపెన్ చేశారు. దానికి ఈబీ-5 నుంచి 100 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది. అంత ఖరీదైన చోటు నిరుద్యోగ ప్రాంతం ఎలా అయింది? జనాభా లెక్కల వార్డుల్ని గొలుసులా ఒకదానికొకటి కలుపుకుంటూ, పైనున్న హార్లెమ్ పేదల కాలనీల దాకా లాక్కెళ్ళారు. మొత్తం సగటు తీస్తే నిరుద్యోగం ఎక్కువే కదా! ఎలక్షన్ల ముందు వార్డుల గీతలు ఎలా మారతాయో చూసిన మనకి ఇది కొత్తేం కాదు. పేదల లెక్క చూపించి పెద్దోళ్ళ బిల్డింగుకి డబ్బు తెచ్చారు. ఇదంతా అప్పటి రూల్స్ ప్రకారం చట్టబద్ధమే, అదీ విషయం.

చట్టం దాటినవి కూడా ఉన్నాయి. 2013 ఫిబ్రవరిలో షికాగో ఎయిర్‌పోర్ట్ దగ్గర కట్టని ఒక హోటల్, కన్వెన్షన్ సెంటర్ పేరుతో 250 మందికి పైగా చైనా ఇన్వెస్టర్ల దగ్గర 14.5 కోట్ల డాలర్లకు పైగా తీసుకున్నారని అమెరికా సెక్యూరిటీస్ కమిషన్ కేసు పెట్టింది. అక్కడ అసలు డబ్బు ఎస్క్రో ఖాతాలో ఉండటంతో చాలావరకు వెనక్కి వచ్చింది. అదృష్టం.

వెర్మాంట్‌లో ఆ అదృష్టం లేదు. నేను ఎక్కువసేపు చదివింది ఈ కేసే.

వెర్మాంట్ అంటే కెనడా సరిహద్దులో చిన్న రాష్ట్రం. మంచు, కొండలు, పాడి ఆవులు. అక్కడ జే పీక్ అనే స్కీ రిసార్ట్. 2008 నుంచి హోటళ్ళు, వాటర్ పార్క్, ఆ తర్వాత పక్కనున్న న్యూపోర్ట్ అనే చిన్న టౌన్‌లో బయోటెక్ ప్లాంట్, ఇలా ఒకదాని తర్వాత ఒకటి ప్రాజెక్టులు చూపించి, 70కి పైగా దేశాల ఇన్వెస్టర్ల దగ్గర 35 కోట్ల డాలర్లకు పైగా తెచ్చారు. ఇన్వెస్టర్లు ఎందుకు నమ్మారు? ఎందుకంటే అక్కడి రీజినల్ సెంటర్ ఏదో ప్రైవేట్ కంపెనీ కాదు, వెర్మాంట్ రాష్ట్ర ప్రభుత్వానిదే. "గవర్నమెంటే చూసుకుంటోంది" అనే మాట కంటే పెద్ద గ్యారంటీ ఏముంటుంది?

2016 ఏప్రిల్‌లో సెక్యూరిటీస్ కమిషన్ బయటపెట్టింది. కొత్త ప్రాజెక్టు డబ్బుతో పాత ప్రాజెక్టు ఖర్చులు పూడుస్తూ వచ్చారని, దాదాపు 20 కోట్ల డాలర్లు పక్కదారి పట్టాయని ఆరోపణ. రిసార్ట్‌ని కొన్నది కూడా ఇన్వెస్టర్ల డబ్బుతోనే అని కేసు. యజమాని ఏరియల్ కిరోస్ నేరం ఒప్పుకున్నాడు, 2022లో ఐదేళ్ళ జైలు శిక్ష పడింది. రిసార్ట్ ప్రెసిడెంట్ బిల్ స్టెంగర్‌కి 18 నెలలు. బయోటెక్ ప్లాంట్ కట్టనే లేదు. న్యూపోర్ట్ మెయిన్ రోడ్డు మీద కొత్త కాంప్లెక్స్ కోసమని ఒక బ్లాక్ మొత్తం పడగొట్టారు. అది పెద్ద గొయ్యిగా ఏళ్ళ తరబడి అలాగే ఉండిపోయింది. ఊరివాళ్ళు దానికి లిటిల్ బీరూట్ అని పేరు పెట్టారు.

ఇక్కడ ఒక మెలిక జాగ్రత్తగా గమనించండి. డబ్బు పోవడం ఒక నష్టం. కార్డు పోవడం ఇంకో నష్టం. రెండూ ఒకటి కాదు. ముందు కట్టిన హోటళ్ళలో డబ్బు పెట్టినవాళ్ళకి, అక్కడ ఉద్యోగాలు నిజంగా వచ్చాయి కాబట్టి, కార్డుకి దారి ఉంది. బయోటెక్ ప్లాంట్‌లో పెట్టినవాళ్ళకి కట్టడమే లేదు కాబట్టి ఉద్యోగాలు లేవు, ఉద్యోగాలు లేవు కాబట్టి కార్డు కూడా చిక్కుల్లో పడింది. మోసం చేసింది ఎవరో, కానీ లెక్క చూపించాల్సింది మాత్రం ఇన్వెస్టరే.

మూడో ఘట్టంలోకి మనం వస్తాం.

నిజానికి మన వాళ్ళు ఈబీ-5కి ఆలస్యంగా వచ్చారు. ఎందుకు? మొదటి కారణం, ఇండియా నుంచి అంత డబ్బు బయటికి పంపడం కుదిరేదే కాదు. 2004 ఫిబ్రవరిలో రిజర్వ్ బ్యాంక్ లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమ్ తెచ్చింది. మొదట మనిషికి ఏడాదికి 25,000 డాలర్లు. పెరుగుతూ, మధ్యలో 2013లో ఒకసారి తగ్గి, 2015లో 2,50,000 దగ్గర ఆగింది. రెండో కారణం, హెచ్-1బి ఉంది కదా, డబ్బులెందుకు పెట్టాలి అనే ధీమా. ఆ ధీమా పోయింది. గ్రీన్ కార్డుల్లో ఏ ఒక్క దేశానికీ 7 శాతం మించి ఇవ్వకూడదని రూల్. మన జనాభాకీ అదే 7, ఐస్‌లాండ్‌కీ అదే 7. దాంతో ఈబీ-2, ఈబీ-3లో మన లైన్ దశాబ్దాలకి పాకింది.

మన వాళ్ళు ఈబీ-5కి రావడం మొదలవగానే ఆ 7 శాతం గోడ ఇక్కడ కూడా తగిలింది. 10,000లో 7 శాతం అంటే 700 చిల్లర. 2019 జులైలో ఈబీ-5లో కూడా ఇండియాకి కటాఫ్ డేట్ పెట్టారు. ఒక క్యూ తప్పించుకోవడానికి డబ్బు కట్టి ఇంకో క్యూలో నిలబడ్డాం అన్నమాట.

తర్వాత మూడేళ్ళు చూడండి, రోలర్ కోస్టర్. 2019 నవంబర్ 21న కనీస పెట్టుబడి 5 లక్షల నుంచి 9 లక్షల డాలర్లకి పెంచారు. 2021 జూన్ 22న ఒక ఫెడరల్ కోర్టు ఆ పెంపు చెల్లదంది, మళ్ళీ 5 లక్షలు. అబ్బ, చవకైంది అనుకునేలోపు, అదే నెలాఖరుకి రీజినల్ సెంటర్ ప్రోగ్రామ్ గడువే ముగిసింది. ఆ రేకుల షెడ్డు గుర్తుందా? ఈసారి పొడిగించలేదు. ఎనిమిది నెలలకు పైగా ప్రోగ్రామ్ లేదు. అప్పటికే డబ్బు కట్టేసినవాళ్ళ ఫైళ్ళు అలమరాల్లో ఆగిపోయాయి.

2022 మార్చి 15న కొత్త చట్టం వచ్చింది. ఇప్పుడు నడుస్తున్నది ఇదే. పల్లె, నిరుద్యోగ ప్రాంతాల్లో అయితే 8 లక్షల డాలర్లు, మిగతా చోట్ల 10 లక్షల 50 వేలు. వీసాల్లో 20 శాతం పల్లె ప్రాజెక్టులకి, 10 శాతం నిరుద్యోగ ప్రాంతాలకి, 2 శాతం ప్రభుత్వ మౌలిక సదుపాయాలకి రిజర్వ్. నిరుద్యోగ ప్రాంతం అని గీతలు గీసే పని రాష్ట్రాల చేతిలోంచి తీసేశారు. జే పీక్ పుణ్యమా అని ఆడిట్లు, ఫండ్ మీద కాపలా కూడా వచ్చాయి.

హెచ్-1బి వాళ్ళని లాగిన అంశం మాత్రం వేరే. అమెరికాలో ఉన్నవాళ్ళు, వాళ్ళ కేటగిరీలో లైన్ లేకపోతే, పెట్టుబడి పిటిషన్, గ్రీన్ కార్డ్ అప్లికేషన్ రెండూ ఒకేసారి వేయొచ్చు. కొన్ని నెలల్లో వర్క్ పర్మిట్ వస్తుంది. లేఆఫ్ వస్తే 60 రోజుల్లో సర్దుకోవాలన్న భయం తగ్గుతుంది. మా అన్నయ్య చూస్తున్నది ఇదే. పాప వయసు విషయంలో కూడా, పిటిషన్ పెండింగ్‌లో ఉన్న కాలాన్ని వయసులోంచి తీసేసి లెక్కేస్తారు. కానీ పిటిషన్ ఆమోదమయ్యాక కోటా లైన్‌లో నిలబడాల్సొస్తే ఆ నిరీక్షణ కాలాన్ని తీసేయరు. అందుకే ఏ కోటాలో వేస్తున్నాం అన్నది పెద్ద విషయం. రిజర్వ్ కోటాల్లో చట్టం వచ్చిన మొదటి కొన్నేళ్ళు లైన్ లేదు. ఎప్పటికీ ఉండదని ఎవరూ రాసివ్వలేదు. 2014లో చైనావాళ్ళకి, 2019లో మనకి ఏమైందో ఇప్పుడే చెప్పుకున్నాం.

డెడ్‌లైన్ కూడా ఒకటుంది. ఈ ప్రోగ్రామ్‌కి 2027 సెప్టెంబర్ 30 దాకా అనుమతి. 2026 సెప్టెంబర్ 30లోపు వేసినవాళ్ళకి మాత్రం, ప్రోగ్రామ్ ఆగిపోయినా ఫైల్ నడుస్తుందని చట్టంలోనే రక్షణ రాశారు. 2021 దెబ్బకి నేర్చుకున్న పాఠం అది.

సరే, ఇప్పుడు శంకర్‌పల్లి పొలానికి వద్దాం.

8 లక్షల డాలర్లంటే మన లెక్కలో 7 కోట్ల దగ్గర. రీజినల్ సెంటర్ ఫీజు, లాయర్ ఫీజు దాని పైన. పెద్దనాన్న, పెద్దమ్మ ఇద్దరూ పంపితే ఏడాదికి 5 లక్షల డాలర్లే వెళ్తాయి. మార్చిలో ఒకసారి, ఏప్రిల్‌లో ఒకసారి పంపితే రెండు ఆర్థిక సంవత్సరాలు కలిసొస్తాయి. 10 లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ బ్యాంకు పట్టుకుంటుంది. రిటర్న్ వేశాక సర్దుబాటు అవుతుంది కానీ, అప్పటిదాకా కోటీ 30 లక్షల దాకా ఇరుక్కుపోతాయి. అవి కూడా ముందే చేతిలో ఉండాలి.

అసలు పరీక్ష ఇది కూడా కాదు. ప్రతి డాలర్ ఎక్కణ్ణుంచి వచ్చిందో అమెరికావాళ్ళకి కాగితాలతో చూపించాలి. తండ్రి గిఫ్ట్ ఇస్తే తండ్రికి ఎలా వచ్చిందో కూడా. మన భూముల సంగతి మీకు తెలుసు. రిజిస్ట్రేషన్‌లో ఒక రేటు, చేతికొచ్చేది ఇంకో రేటు. బ్లాక్‌లో వచ్చిన రూపాయికి ఈబీ-5లో విలువ సున్నా. పెద్దనాన్న కొనేవాడితో "మొత్తం వైట్‌లోనే కావాలి" అన్నాడు. అవతలివాడు రేటు తగ్గించాడు. 7 కోట్లు అవసరమైన చోట ఇంకో ముక్క కూడా అమ్మాలేమో అన్న లెక్క మొదలైంది.

ఈ మధ్య ఇంకో మాట కూడా వింటున్నారు కదా, గోల్డ్ కార్డ్. 2025 సెప్టెంబర్‌లో ట్రంప్ ఉత్తర్వు. 10 లక్షల డాలర్లు. తేడా ఏంటంటే అది పెట్టుబడి కాదు, ప్రభుత్వానికి ఇచ్చేసే కానుక. తిరిగి రాదు. పైగా అది ఈబీ-1, ఈబీ-2 కోటాల్లోంచే నడుస్తుంది, మన 7 శాతం గోడ అక్కడ కూడా ఉంటుంది. చట్టం మార్చకుండా ఒక ఉత్తర్వు మీద నిలబడింది కాబట్టి రేపు ఇంకో ఉత్తర్వుతో పోవచ్చు కూడా.

మిగతా ప్రపంచం అటు తిరుగుతుంటే యూరప్ ఇటు తిరిగింది. కెనడా 2014లోనే మూసేసింది, లైన్‌లో ఉన్న వేల అప్లికేషన్లు వెనక్కి పంపేసింది. సైప్రస్ 2020లో, బ్రిటన్ 2022 ఫిబ్రవరిలో, ఐర్లాండ్ 2023లో, స్పెయిన్ 2025 ఏప్రిల్‌లో మూసేశాయి. 2012లో మొదలుపెట్టిన పోర్చుగల్, 2023లో ఇళ్ళు కొని వీసా తెచ్చుకునే దారి తీసేసింది. అక్కడి కుర్రాళ్ళకి అద్దెలు అందడం లేదని గొడవైంది మరి. మాల్టా పాస్‌పోర్ట్ స్కీమ్ చట్టవిరుద్ధమని 2025 ఏప్రిల్‌లో యూరప్ కోర్టు చెప్పింది. డబ్బు అవసరమైనప్పుడు తెరిచారు, ఓట్లు అవసరమైనప్పుడు మూశారు.

అన్నయ్యకి నేను చెప్పింది ఇది. అమ్మాలా వద్దా నేను చెప్పలేను. కానీ ఆ ఏజెంట్‌ని మళ్ళీ కలిసినప్పుడు ఈ ప్రశ్నలు అడుగు. ఒకటి, గ్యారంటీ అన్నావే, అది ఏ కాగితంలో ఉంది? రెండు, నువ్వు అమెరికా ఇమ్మిగ్రేషన్ శాఖ దగ్గర ప్రమోటర్‌గా నమోదయ్యావా, నీకు ఈ ప్రాజెక్టు ఎంత కమీషన్ ఇస్తోంది? 2022 చట్టం ప్రకారం రెండూ రాతపూర్వకంగా ఉండాలి. మూడు, ఈ ప్రాజెక్టులో మా డబ్బు కాకుండా బ్యాంకు డబ్బు, బిల్డర్ సొంత డబ్బు ఎంత? అమ్మేస్తే ముందు ఎవరికి ఇస్తారు? నాలుగు, ఇప్పటికి ఎన్ని ఉద్యోగాలొచ్చాయి, మా పిటిషన్‌కి సరిపడా మిగులుందా? ఐదు, లాయర్ నువ్వు పెట్టినవాడా, మేము పెట్టుకున్నవాడా?

అన్నయ్య మూడో ప్రశ్న దాకా అడిగాడట. నాలుగోది అడిగేలోపు "సార్, మీరు టూ మచ్ థింక్ చేస్తున్నారు" అని అవతలివాడు ఫోన్ పెట్టేశాడు. ఇప్పుడు వేరే లాయర్‌ని వెతుకుతున్నారు. పొలం బేరం ఇంకా తెగలేదు.

పోయిన వారం పాపతో మాట్లాడాను. తెలుగు కొంచెం తడబడుతుంది కానీ బాగానే మాట్లాడుతుంది. "బాబాయ్, నా కోసం తాతయ్య పొలం అమ్ముతున్నాడంట, నిజమేనా? నన్ను ఎవరూ అడగలేదు" అంది. ఏం చెప్పాలో తోచలేదు. తాతయ్యకే ఫోన్ చేసి అడుగు అన్నాను. చేసిందట. ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ ఎవరికీ చెప్పలేదు.

మీ ఇంట్లో, మీకు తెలిసిన వాళ్ళింట్లో ఇలాంటి చర్చ నడుస్తుంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకి పంపండి. ముఖ్యంగా సెమినార్‌కి వెళ్ళే ముందు. వచ్చే వారం ఇంకో కథతో కలుద్దాం. అప్పటిదాకా సెలవు, జాగ్రత్త.